డిమెన్షియా సంరక్షణలో క్లినికల్ సైకాలజిస్టుగా చేరాలంటే

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలామటుకు ఒకే విషయం మీద ఉన్నాయి. అందుకే ఈ సంచికను పూర్తిగా దానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: నేను ఎం.ఎస్సీ. సైకాలజీ చివరి సంవత్సరం చదువుతున్నాను. చదువులో భాగంగా ఒక వృద్ధాశ్రమంలో కొన్ని వారాలు పనిచేసినప్పుడు మతిమరుపు జబ్బు, అంటే డిమెన్షియా, ఉన్న పెద్దవాళ్లతో గడిపే అవకాశం కలిగింది. క్లినికల్ సైకాలజిస్టునై ఈ రంగంలోనే స్థిరపడాలని ఉంది. మా అధ్యాపకులు మాత్రం, "ఆ జబ్బు నయం కాదు, చెప్పింది వాళ్లకు గుర్తుండదు, అక్కడ సైకాలజిస్టు చేసేదేముంది?" అంటున్నారు. నిజంగా అక్కడ మాకు పని ఉంటుందా? ఉంటే ఏ దారిన వెళ్లాలి? (ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

జవాబు: మీ అధ్యాపకుల మాటలో సగం నిజముంది. డిమెన్షియాకు దారితీసే అల్జీమర్స్ వంటి జబ్బుల్లో నశించిన నాడీకణాలను తిరిగి తెచ్చే మందు లేదు, మాటలతో చేసే చికిత్సకూ ఆ శక్తి లేదు. అయితే పోయిన జ్ఞాపకాన్ని రప్పించడమే సైకాలజిస్టు పని అయినట్టు మాట్లాడటం సరికాదు. రోగికి ఏ సామర్థ్యం పోయింది, ఏది ఇంకా నిలిచి ఉంది, ఆ నిలిచి ఉన్నదాన్ని ఆసరా చేసుకుని ఇంట్లోవాళ్లు రోజు ఎలా గడపాలి అన్నవి తేల్చి చెప్పగలిగిన మనిషి వైద్య బృందంలో ఒకరు ఉండి తీరాలి. ఓపీలో న్యూరాలజిస్టుకు ఒక్కో రోగి మీద గంటసేపు వెచ్చించే వీలుండదు. ఎమ్మారై తీస్తే మెదడులో ఏ భాగం ఎంత కుంచించుకుపోయిందో కనిపిస్తుంది గానీ, ఆ మనిషి గ్యాస్ పొయ్యి వెలిగించి మళ్లీ కట్టేయగలరా, పెన్షన్ డబ్బు లెక్కపెట్టుకోగలరా అన్నది అందులో కనిపించదు.

పని ఉందా అన్న సందేహానికి లెక్క ఒకటి చెబుతాను. దేశవ్యాప్త సర్వే ఆధారంగా 2023లో వెలువడిన అంచనా ప్రకారం, భారతదేశంలో అరవై ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. వీళ్లలో అత్యధికులను చూసుకుంటున్నది ఆసుపత్రులు కావు, ఇళ్లలోని భార్యలు, కూతుళ్లు, కోడళ్లు.

సైకాలజిస్టు పనిలో మొదటిది పరీక్ష. దీని గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ రంగంలోకి వచ్చే యువతీయువకులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ప్రపంచమంతటా వాడే ఎంఎంఎస్ఈ అనే ముప్పై మార్కుల పరీక్ష 1975లో అమెరికాలో తయారైంది. అందులో తేదీ అడుగుతారు, మనం ఉన్నది ఎన్నో అంతస్తు అని అడుగుతారు, వందలోంచి ఏడు చొప్పున తీసివేయమంటారు, ఒక వాక్యం రాయమంటారు, బొమ్మ చూసి గీయమంటారు. బడి మొహం చూడని, పెన్సిలు ఎన్నడూ పట్టని డెబ్బై ఐదేళ్ల వ్యవసాయ కూలీ ఈ పరీక్షలో పది మార్కులు పోగొట్టుకుంటే అది జబ్బు వల్లనా, చదువు లేకపోవడం వల్లనా? అదే సమయంలో, ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన మాస్టారికి ఇరవై ఎనిమిది మార్కులు వచ్చినంత మాత్రాన జబ్బు లేదని పంపించేయవచ్చా? తొలిదశలో ఆయన పాత చదువు ఆయన లోపాన్ని కప్పి ఉంచుతుంది.

ఈ చిక్కు తెలిసే మన దేశంలో వేరే పరీక్షలు తయారు చేసుకున్నారు. హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో చదువురాని పెద్దల కోసం రూపొందించిన హిందీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్ 1995 నాటిది. భారత వైద్య పరిశోధనా మండలి, అంటే ఐసీఎంఆర్, ఆ తర్వాత హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడం, మలయాళం అనే ఐదు భాషల్లో జ్ఞాపకం, ఆలోచన వంటి సామర్థ్యాలను కొలిచే పరీక్షల సంపుటిని, అంటే ఒక న్యూరోకాగ్నిటివ్ టూల్ బాక్స్‌ను, తయారు చేయించింది. హైదరాబాదులోని నిమ్స్ న్యూరాలజీ విభాగం అడెన్‌బ్రూక్స్ అనే ఇలాంటి మరో పరీక్షను తెలుగుకు అనువుగా మార్చుకుని ఏళ్ల తరబడి వాడింది. తెలుగు రోగుల్ని చూడాలనుకునే మీరు ఇంగ్లిషు ప్రశ్నపత్రాన్ని అప్పటికప్పుడు నోటితో అనువదించి అడిగే అలవాటును మొదటి రోజే మానుకోండి. ఒక్కో రోగిని ఒక్కో మాటతో అడిగితే వచ్చిన మార్కులను దేనితోనూ పోల్చలేరు.

ప్రామాణిక పరీక్షకు ముందూ వెనకా జరిగే సంభాషణ మాత్రం పూర్తిగా మీ చేతిలో ఉంటుంది. అక్కడ ఆ మనిషి బతుకులోంచి అడగండి. ఇంగ్లిషు తేదీ ఏనాడూ పట్టించుకోని పెద్దావిడను ఇది ఏ మాసం, మొన్న వచ్చిన పండుగ ఏది అని అడగవచ్చు. పులిహోరకు ఏమేం కావాలి, ఏది ముందు, ఏది తర్వాత అని అడిగితే, చింతపండు నానబెట్టకుండానే పోపు దగ్గరికి వెళ్లిపోయి అక్కడ ఆగిపోయిన ఆ మనిషిలో పనిని వరుసగా పేర్చుకునే శక్తి దెబ్బతిన్నదేమో చూడాలన్న ఆలోచన మీకు వస్తుంది. అది మార్కు కాదు, నివేదికలో మార్కుగా రాయకూడదు. ఏ పరీక్ష లోతుగా చేయాలో చెప్పే ఆనవాలు మాత్రమే. వీటన్నిటికంటే ముందు కళ్లజోడు పెట్టుకున్నారా, చెవులు వినిపిస్తున్నాయా, రాత్రి నిద్రమాత్ర ఏదైనా వేసుకున్నారా అని కనుక్కోండి. వినిపించని మాటను మరిచిపోయినట్టు నమోదు చేసిన నివేదికలు మన ఆసుపత్రుల్లో తక్కువేమీ లేవు.

డిమెన్షియాలా కనిపించే ఇతర సమస్యలను పసిగట్టడం ఇందులో భాగమే. దిగులు జబ్బుతో ఉన్న పెద్దవాళ్లు చాలాసార్లు "నాకు తెలియదు, నా వల్ల కాదు" అని ప్రయత్నించకుండానే వదిలేస్తారు, తమ మతిమరుపు గురించి తామే ఎక్కువగా ఫిర్యాదు చేస్తారు. అల్జీమర్స్ రోగి అందుకు భిన్నంగా ఏదో ఒకటి చెప్పి కప్పిపుచ్చుకోవడానికి చూస్తారు, లేదా సమాధానం కోసం పక్కనున్న భార్య వైపు తల తిప్పుతారు. రెండు మూడు రోజుల్లోనే హఠాత్తుగా మనిషి మారిపోతే అది మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వల్లనో, సోడియం పడిపోవడం వల్లనో వచ్చిన డెలీరియం, అంటే హఠాత్తుగా కమ్మే మానసిక గందరగోళం, కావచ్చు. అలాంటి రోగి ముందు ప్రశ్నపత్రం పెట్టకూడదు, వెంటనే వైద్యుడి దగ్గరికి పంపాలి. బీ12 లోపం, థైరాయిడ్ సమస్య రక్తపరీక్షలో తేలతాయి. జబ్బు నిర్ధారణ న్యూరాలజిస్టో సైకియాట్రిస్టో చేస్తారు, మందులూ వాళ్లే రాస్తారు. మన నివేదిక ఆ నిర్ధారణకు ఒక ఆధారం. ఈ గీత ఎక్కడుందో తెలిసిన సైకాలజిస్టునే వైద్యులు మళ్లీ మళ్లీ పిలుస్తారు.

రెండో పని ప్రవర్తనకు సంబంధించినది. డిమెన్షియా రోగి ఇంట్లోవాళ్లను అలసటకు గురిచేసేది మరుపు కంటే ఎక్కువగా అనుమానం, కోపం, రాత్రిళ్లు తిరగడం, స్నానానికి మొరాయించడం. వీటికి మత్తు కలిగించే యాంటీసైకోటిక్ మందులు ఇస్తే డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో మరణాల ముప్పు పెరుగుతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. కనుక ప్రమాదం ముంచుకొచ్చిన సందర్భాల్లో తప్ప, మందు కంటే ముందు కారణం వెతకాలి. ఆ వెతకడం మన చదువులోనే ఉంది.

ఒక ఉదాహరణ. స్నానమంటే కేకలు వేసి చేతికందినది విసిరే ఒక పెద్దావిడ గురించి కుటుంబం వచ్చి చెప్పిందనుకోండి. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు చేయిస్తున్నప్పుడు, దానికి ముందు ఏం జరిగింది అని వారం రోజులు రాసి తెమ్మనండి. ఆ కాగితాలు చూస్తే, ఊళ్లో ఇల్లు వదిలి కొడుకు ఫ్లాటుకు వచ్చాకే ఇది మొదలైందనీ, అక్కడ తల మీది నుంచి షవర్ నీళ్లు ఒక్కసారిగా పడుతున్నాయనీ, ఒంటి మీద బట్ట లేకుండా నిలబెడుతున్నారనీ బయటపడుతుంది. పీట వేసి, బకెట్లో గోరువెచ్చని నీళ్లు, చేతికి చెంబు ఇచ్చి, ఒంటికి పాత చీర చుట్టి, నీళ్లు మొదట పాదాల మీద పోస్తే ఆవిడ తన చేతులతో తానే పోసుకోవచ్చు. చెంబుతో నీళ్లు పోసుకోవడం డెబ్బై ఏళ్లుగా చేతులకు అలవాటైన పని. పేర్లూ తేదీలూ పోయిన చాలాకాలానికి గానీ అలాంటి అలవాటు పోదు. షవర్ కింద నిలబడటం ఆవిడకు కొత్త విద్య, ఈ జబ్బులో కొత్త విద్యలు రావడం చాలా కష్టం. ఈ తేడా కుటుంబానికి వివరించగలిగితే సగం గొడవ తగ్గుతుంది.

"నా గాజులు కోడలు తీసింది" అన్న ఆరోపణా అంతే. వాదించి నెగ్గాలని చూసిన కొద్దీ అనుమానం గట్టిపడుతుంది. ఎక్కడో దాచి, దాచిన చోటు మరిచిపోయిన మనసు ఆ ఖాళీని అనుమానంతో పూరించుకుంటోందని కోడలికి ముందుగా చెప్పాలి. ఆ అమ్మాయి ఏడుపుకు మీ గదిలో చోటు ఉండాలి. ఆ తర్వాతే "కలిసి వెతుకుదాం రండి అత్తయ్యా" అనే ఉపాయం. ఈ వరుస తలకిందులైతే ఉపాయం పనిచేయదు.

మూడోది కుటుంబంతో పని, మీ సమయంలో సగం దీనికే పోతుంది. ఇంటివాళ్లకు నేర్పితే ఫలితం ఉంటుందని చెప్పడానికి మన దేశంలోనే ఆధారముంది. గోవాలో చేసి 2008లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఇంటర్ స్థాయి చదువున్న స్థానికులకు శిక్షణనిచ్చి రోగుల ఇళ్లకు పంపితే సంరక్షకుల మానసిక ఆరోగ్యం మెరుగుపడింది. అలాంటి కార్యకర్తలకు శిక్షణనిచ్చి, వాళ్ల పనిని పర్యవేక్షించడం రానున్న రోజుల్లో క్లినికల్ సైకాలజిస్టుకు పెద్ద బాధ్యత అవుతుందని నా నమ్మకం. తొలి, మధ్య దశల్లోని రోగుల కోసం బ్రిటన్‌లో రూపొందిన కాగ్నిటివ్ స్టిమ్యులేషన్ థెరపీ అనే, ఆటలూ చర్చలతో మెదడుకు పని కల్పించే పద్నాలుగు సమావేశాల బృంద కార్యక్రమం కూడా ఉంది. చెన్నైలోని స్కార్ఫ్ అనే మానసిక ఆరోగ్య సంస్థ దాన్ని తమిళుల జీవితానికి అనువుగా మలిచింది. మన పాటలు, సామెతలు, పంటలు, పండుగలతో తెలుగులో అలాంటిది చేయగలవాళ్లు కావాలి.

ఇక దారి సంగతి. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, ఆమోదించిన కోర్సు పూర్తిచేసి, ఆ మండలి కేంద్ర రిజిస్టరులో పేరు నమోదు చేయించుకోవాలి. ఇన్నేళ్లుగా ఆ కోర్సు ఎం.ఎ. లేదా ఎం.ఎస్సీ. తర్వాత చేసే రెండేళ్ల ఎం.ఫిల్. క్లినికల్ సైకాలజీ. బెంగళూరు నిమ్‌హాన్స్, రాంచీలోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైకియాట్రీ ఇందులో పాత పేరున్నవి, మనకు దగ్గర్లో సికింద్రాబాదులోని స్వీకార్ సంస్థ ఉంది. కొత్త విద్యావిధానంలో ఎం.ఫిల్. రద్దయినా, యూజీసీ క్లినికల్ సైకాలజీ ఎం.ఫిల్‌కు 2025-26 విద్యా సంవత్సరం వరకు ప్రత్యేకంగా గడువు పొడిగించింది. దాని స్థానంలోకి వచ్చే కోర్సుల విషయంలో ఏ ప్రకటనను చూసీ డబ్బు కట్టవద్దు. మీరు చేరే కళాశాల పేరు, కోర్సు పేరు, ఆ సంవత్సరానికి ఇచ్చిన సీట్ల సంఖ్య, ఈ మూడూ ఆర్‌సీఐ వెబ్‌సైటులోని ఆమోదిత జాబితాలో మీ కళ్లతో చూసుకున్నాకే చేరండి.

సీటు ఎంచుకునేటప్పుడు నా సలహా కొంచెం వేరుగా ఉంటుంది. ఆసుపత్రిలో న్యూరాలజీ విభాగం ఉందా, వృద్ధులకు ప్రత్యేక క్లినిక్కో మెమరీ క్లినిక్కో నడుస్తోందా, అక్కడ మీ పరీక్షను పక్కన కూర్చుని చూసి సరిదిద్దే న్యూరోసైకాలజిస్టు, అంటే మెదడు పనితీరును ఇలాంటి పరీక్షలతో అంచనా వేసే నిపుణుడు, ఉన్నారా అని అడగండి. పెద్ద పేరున్న చోట రెండేళ్లలో పదిమంది డిమెన్షియా రోగులను చూడటం కంటే, చిన్న పేరున్న చోట వారానికి పదిమందిని చూడటం మేలు. చివరి సంవత్సరం చేసే పరిశోధనకు ఈ రంగంలోంచే అంశం తీసుకోండి. సీటు రావడానికి ఒకటి రెండేళ్లు పట్టినా దిగులు పడవద్దు. అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియా 1992 నుంచి పనిచేస్తోంది, హైదరాబాదులోనూ దానికి శాఖ ఉంది. ఆ ఖాళీ సమయంలో అలాంటి సంస్థలో స్వచ్ఛందంగా పనిచేస్తే, మధ్య దశ రోగితో ఒక పూట గడపడమంటే ఏమిటో తెలుస్తుంది. అది తెలియకుండా ఇచ్చే సలహాలు కుటుంబాలకు పనికిరావు.

ప్రశ్న: నేను ఎం.ఎ. సైకాలజీ దూరవిద్యలో చేసి, కౌన్సెలింగ్‌లో పీజీ డిప్లొమా పొందాను. నా వయసు ముప్పై ఎనిమిది. ఇటీవల ఆన్‌లైన్‌లో డిమెన్షియా కేర్ సర్టిఫికెట్ కోర్సు కూడా పూర్తిచేశాను. "క్లినికల్ సైకాలజిస్ట్, డిమెన్షియా స్పెషలిస్ట్" అని బోర్డు పెట్టుకోవచ్చునా? (ఒక పాఠకురాలు, గుంటూరు)

జవాబు: పెట్టుకోకూడదు. 1992 నాటి ఆర్‌సీఐ చట్టం ప్రకారం రిజిస్టరులో పేరు లేనివారు ఈ వృత్తిని చేపట్టడం శిక్షార్హం, ఏడాది వరకు జైలు శిక్ష కూడా ఆ చట్టంలో ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సైతం క్లినికల్ సైకాలజిస్టు అనే మాటకు ఆర్‌సీఐ ఆమోదించిన అర్హతనే కొలమానంగా పెట్టింది. ఆన్‌లైన్ సర్టిఫికెట్ మీ అవగాహన పెంచి ఉండవచ్చు, అర్హత మాత్రం ఇవ్వదు.

అలాగని మీకు ఇందులో చోటు లేదనుకోవద్దు. పరీక్షలు చేయడం, నిర్ధారణకు నివేదిక రాయడం మీ పని కాదు గానీ, సంరక్షకుల బృందాలు నడపడం, డే కేర్‌లో కార్యక్రమాలు తీర్చిదిద్దడం, కుటుంబాలకు కౌన్సెలింగ్ ఇవ్వడం కౌన్సెలర్‌గా మీరు నిక్షేపంగా చేయవచ్చు. సంరక్షకుల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఐసపోర్ట్ అనే శిక్షణ సామగ్రిని ముందు చదవండి. ఇల్లూ పిల్లలూ చూసుకున్న ముప్పై ఎనిమిదేళ్ల మనిషి మాటను, అత్తగారిని చూసుకుంటున్న కోడలు ఇరవై మూడేళ్ల అమ్మాయి మాట కంటే త్వరగా నమ్ముతుందని వేరే చెప్పనక్కర్లేదు. క్లినికల్ సైకాలజిస్టే కావాలనుకుంటే వయసు అడ్డు కాదు. రెండేళ్లు ఇల్లు వదిలి పూర్తికాలం చదవగలరా అన్నదే అసలు ప్రశ్న. మీ దూరవిద్య డిగ్రీ ప్రవేశానికి చెల్లుతుందో లేదో దరఖాస్తుకు ముందే ఆయా సంస్థను రాతపూర్వకంగా అడగండి.

ప్రశ్న: మా అమ్మాయి వృద్ధుల జబ్బుల వైపు వెళతానని పట్టుబడుతోంది. పిల్లల సైకాలజీ అయితే స్కూళ్లలో ఉద్యోగాలున్నాయి, జీతాలూ బాగుంటాయని అంటున్నారు. దీన్ని నమ్ముకుంటే ఆమెకు బతుకుదెరువు ఉంటుందా? (ఒక తండ్రి, కరీంనగర్)

జవాబు: డిమెన్షియా ఒక్కదాన్నే నమ్ముకుంటే మొదటి కొన్నేళ్లు కష్టమేనండీ. ఆ పేరుతో ప్రభుత్వ పోస్టులు మన రెండు రాష్ట్రాల్లో చూద్దామన్నా కనిపించవు. క్లినికల్ సైకాలజిస్టుకు జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో పోస్టు ఉంటుంది. ఎర్రగడ్డ, విశాఖ మానసిక చికిత్సాలయాలు, వైద్య కళాశాలల సైకియాట్రీ విభాగాలు, న్యూరాలజీ ఉన్న కార్పొరేట్ ఆసుపత్రులు, అక్కడక్కడ వృద్ధుల సంరక్షణ కేంద్రాలు ఉన్నాయి. ఈ రంగంలో నిలబడ్డవాళ్లు సాధారణంగా ఆసుపత్రిలో అన్ని వయసుల రోగులనూ చూస్తూ, వారంలో కొన్ని రోజులు పక్షవాతం వచ్చినవారికి, తలకు గాయమైనవారికి, మతిమరుపు రోగులకు న్యూరోసైకలాజికల్ పరీక్షలు చేస్తారు. ఈ పరీక్షల విద్య గట్టిగా వచ్చినవాళ్లు తక్కువ కాబట్టి న్యూరాలజిస్టులు వాళ్లను వెతుక్కుంటూ వస్తారు.

తెలుగు బాగా వచ్చిన అమ్మాయి అయితే అది కూడా అర్హతే. రెండు మూడు భాషలు వచ్చిన రోగుల్లో చాలామంది జబ్బు ముదిరేకొద్దీ తర్వాత నేర్చిన భాషను వదిలి తల్లిభాషకు చేరతారు. ఉద్యోగమంతా ఇంగ్లిషులో చేసిన ఆఫీసరుగారు చివరికి కరీంనగర్ మాటలోనే దప్పిక అవుతోందని చెబుతారు. ఆ మాట అర్థమయ్యేవాళ్లు ఇంగ్లిషు మాధ్యమం తరంలో తగ్గిపోతున్నారు.

స్కూలు ఉద్యోగంతో పోల్చి మీ అమ్మాయిని వెనక్కి లాగవద్దని నా మనవి. అయితే ఆమెను ఒక్క షరతు మీద పంపండి: మొదట అన్ని రకాల మానసిక సమస్యలనూ చూసే శిక్షణ పూర్తిచేయాలి, ప్రత్యేకత ఆ తర్వాతే.

ప్రశ్న: ఈ మధ్యే ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ వచ్చి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరాను. ఒక పెద్దాయనకు పరీక్ష చేయించిన కొడుకులు, "నాన్నగారికి మతిస్థిమితం లేదని ఒక కాగితం రాసివ్వండి, పొలం రిజిస్ట్రేషన్ పని ఉంది" అంటున్నారు. ఫలితాలను బట్టి ఆయనకు తొలిదశ డిమెన్షియా ఉంది. ఏం చేయాలి? (ఒక పాఠకుడు, హైదరాబాదు)

జవాబు: రాయకండి. ఈ కోరిక మీకు వృత్తి జీవితమంతా ఎదురవుతూనే ఉంటుంది కాబట్టి కారణాలు బాగా తెలుసుకోండి.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని మూడో సెక్షన్ ప్రకారం, ఒక వ్యక్తికి మానసిక అనారోగ్యం ఉందని తేలినంత మాత్రాన అతను మతిస్థిమితం లేనివాడు అయిపోడు, ఆ మాట చెప్పే అధికారం తగిన కోర్టుకే ఉంది. అదే చట్టంలోని నాలుగో సెక్షన్ మాట్లాడే సామర్థ్యం చికిత్సకు సంబంధించిన నిర్ణయాల గురించి, పొలం అమ్మకం గురించి కాదు. పైగా సామర్థ్యం అనేది ఉందో లేదో ఒక్క మాటలో తేలే సంగతి కాదు. తన బ్యాంకు లెక్కలు చూసుకోలేని మనిషికి, ఇల్లు ఏ బిడ్డకు ఇవ్వాలన్న విషయంలో ఇప్పటికీ స్పష్టమైన అభిప్రాయం ఉండవచ్చు. తొలిదశ రోగుల్లో చాలామంది అలాంటివారే. ఉదయం అడిగితే ఒకలా, సాయంత్రం అలసిపోయాక మరొకలా ఉండటమూ మామూలే.

మీరు ఇవ్వగలిగినది, మీరు ఏ తేదీన ఏ పరీక్షలు చేశారో, వాటిలో ఏ సామర్థ్యాలు ఏ స్థాయిలో ఉన్నాయో చెప్పే నివేదిక మాత్రమే. దాన్ని కూడా రోగి సమ్మతితో, పంపిన వైద్యుడికి ఇవ్వండి. కోర్టు అడిగితే కోర్టుకు ఇవ్వండి. కొడుకులను విలన్లుగా చూడాల్సిన అవసరం లేదు. నాన్నగారు ఎవరికో సంతకం పెట్టేస్తారన్న భయంతో వచ్చినవారూ వాళ్లలో ఉంటారు. అలాంటివారిని న్యాయవాది దగ్గరికి పంపండి. పెద్దాయనకు ఇంకా అర్థం చేసుకునే శక్తి ఉండగానే ఆయన సమక్షంలో డబ్బు, ఇల్లు, వైద్యం గురించి మాట్లాడుకోమని చెప్పండి. చికిత్స విషయంలో ముందస్తు ఆదేశం రాసుకునే హక్కు, తన తరఫున మాట్లాడే ప్రతినిధిని ఎంచుకునే హక్కు ఆ చట్టమే ఆయనకు ఇచ్చింది.

ఇంకొక మాట అడగాల్సింది మీరు అడగలేదు. ఆ పెద్దాయనకు తన జబ్బు పేరు ఎవరైనా చెప్పారా? మన ఇళ్లలో రోగికి తప్ప అందరికీ చెప్పే అలవాటు ఉంది. తొలిదశలో ఉన్నవారికి తమలో ఏదో తప్పుతోందని తెలుస్తూనే ఉంటుంది. "మీకు ఏమవుతోందో తెలుసుకోవాలని ఉందా, ఎంతవరకు చెప్పమంటారు?" అని పరీక్షకు ముందే అడిగి, ఆ జవాబును నోట్సులో రాసుకోండి. వద్దంటే వద్దు, కావాలంటే ఆయనకే ముందు.

ప్రశ్న: క్లినికల్ సైకాలజీ చదివి బ్రిటన్ లేదా అమెరికా వెళ్లి డిమెన్షియా రంగంలో పనిచేయడం సాధ్యమా? (ఒక పాఠకురాలు, తిరుపతి)

జవాబు: సాధ్యమే, కానీ మన ఎం.ఫిల్. అక్కడ నేరుగా చెల్లుతుందని లెక్క వేసుకోకండి. బ్రిటన్‌లో ఈ పదవీనామం చట్టరక్షణ ఉన్నది, హెచ్‌సీపీసీ అనే సంస్థలో నమోదైనవారే వాడాలి. అక్కడివారు మూడేళ్ల డాక్టరేట్ చేసి వస్తారు. బయట చదివినవారు తమ చదువును, పర్యవేక్షణలో చేసిన క్లినికల్ పనిని ఆ సంస్థతో విడిగా మదింపు చేయించుకోవాలి. అందుకే ఇక్కడ శిక్షణ పొందుతున్నప్పుడే ఏ విభాగంలో ఎన్ని గంటలు, ఎవరి పర్యవేక్షణలో పనిచేశారో సంతకాలతో సహా దాచుకోండి, పదేళ్ల తర్వాత ఆ కాగితాలు సంపాదించడం బ్రహ్మప్రళయం. అక్కడ మెమరీ క్లినిక్కులు ప్రభుత్వ ఆరోగ్య సేవలో భాగం కావడంతో ఈ పనికి స్థిరమైన చోటుంది. అమెరికాలో డాక్టరేట్, ఇంటర్న్‌షిప్, ఈపీపీపీ అనే పరీక్ష, రాష్ట్ర లైసెన్సు ఉంటాయి. న్యూరోసైకాలజీలో ప్రత్యేకత కావాలంటే ఆపై మరో రెండేళ్ల ఫెలోషిప్ మామూలు.

వెళ్లాక మీకు అక్కడి ప్రవాస తెలుగు కుటుంబాలు తప్పకుండా తారసపడతాయి. పిల్లల దగ్గరికి వచ్చి ఉండిపోయిన అమ్మానాన్నలకు అక్కడి పరీక్షలు ఇంగ్లిషులోనో, ఫోనులో ఉన్న దుబాసీ ద్వారానో చేస్తారు. ఐసీఎంఆర్ తెలుగు పరీక్షల గురించి ఆ క్లినిక్కులకు తెలియకపోవచ్చు. బయలుదేరే ముందే వాటిలో శిక్షణ తీసుకుని వెళ్లండి.